మనస్సులోని పలక

సూర్యాపేట నుండి కోదాడకు పోవు బస్సులో కండక్టరు, ఎవరికెంత చిల్లర ఈయవలెనో జ్ఞప్తియందుంచుకొనియే తరువాతివానికి టిక్కెట్టు కొట్టును. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో గుమస్తా ధాన్యపు తూకమును మనస్సున నిలిపి, తరుగు తీసి ధర కట్టును. ఇట్లు విషయమును కొలది క్షణములు పట్టియుంచి దానితో పని జరుపుకొను శక్తిని శాస్త్రజ్ఞులు కార్యస్మృతి యందురు. ఇది మనము చిన్ననాడు పట్టిన పలక వంటిది. వ్రాయుదుము, అక్కర తీరగానే తుడిచివేయుదుము. ఆ పలక చాల చిన్నది. దానిపై ఏడు అంశములు, ఒకటి రెండు అటునిటుగా, పట్టునని 1956లో జార్జి మిల్లర్ అను అమెరికా మనస్తత్త్వవేత్త వ్రాసెను. నాలుగింటికి మించవని తరువాతివారు కొందరనిరి.

స్కిజోఫ్రీనియా యనగానే లేని మాటలు వినుట, అకారణముగా అనుమానించుట మనకు స్ఫురించును. కాని ఆ వ్యాధి ఈ పలకను కూడ కుదించును. నాలుగు సరుకులకై పంపిన కుమారుడు ఒకదానితో తిరిగివచ్చును. సోమరితనమని ఇంటివారు కసురుకొందురు. ఆ నింద న్యాయమేనా?

దీనికి మెదడు చిత్రములు కొంత సమాధానము చెప్పినవి. పనిచేయుచున్న మెదడు భాగమునకు ప్రాణవాయువుతో కూడిన రక్తము అధికముగా ప్రవహించును. ఆ మార్పును అయస్కాంత యంత్రముతో పసిగట్టవచ్చునని 1990లో సేజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి చూపెను. రోగిని ఆ యంత్రములో పరుండబెట్టి, అంకెలను ఒకదాని వెంట ఒకటి చూపుచు, రెండింటికి ముందు వచ్చిన అంకె మరల వచ్చినప్పుడు మీట నొక్కుమందురు. ఆ సమయమున నుదుటి వెనుక భాగమెట్లు పనిచేయుచున్నదో గమనింతురు.

ఆ భాగము రోగులలో మందగించినదని తొలుత భావించిరి. తరువాతి పరిశోధనలు కొన్ని వేరొక సంగతి తెలిపినవి. పని తేలికగా ఉన్నప్పుడు అది ఆరోగ్యవంతులలోకంటె ఎక్కువగా శ్రమించినది. భారము పెరిగినకొలది ముందుగానే చతికిలబడినది. చిన్న గట్టునకే ఎడ్లు రొప్పినట్లన్నమాట. కావున మనకు సోమరితనముగా తోచునది, పెక్కుమార్లు అలసట.

అయితే ఈ ఫలితములు అనేకుల సగటులు. ఒక్కరి చిత్రమును చూచి ఈ వ్యాధిని నిర్ణయింపజాలరు. వైద్యుడు మాటలాడి, ప్రవర్తన గమనించి నిర్ణయించును. మందులు లేని మాటలను, అనుమానములను చాలవరకు తగ్గించును. వాటిని వైద్యుని సలహా లేక మానరాదు. కాని పలకను అవి అంతగా విస్తరింపజాలవు. అభ్యాసముల వలన కొంత మేలు కలుగును.

మిగిలిన భారము ఇంటివారిదే. ఒక్కమారు ఒక్క పనియే చెప్పుదము. సరుకుల చీటీ వ్రాసి చేతికిత్తము. మాత్రలను ఒకేచోట ఉంచి, వేళకు సెల్‌ఫోనులో గంట మ్రోగునట్లు అమర్చుదము.

సూర్యాపేట, నల్లగొండలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2022లో నెలకొన్న టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. సంకోచింపక అడుగుదము. చేతనైనను చేయనివానిని మందలింపవచ్చును గాని, చేయబోయి అలసినవానికి కావలసినది చేయూత.