తుపాను తీరము దాటిన తరువాత మగ్గము సంగతి

నేత కుటుంబముల వారికి మనవి.

"తుపాను తీరము దాటినది" అను వార్త వినగానే మన మెట్ట ఊళ్లవారు ఇక భయము లేదనుకొందురు. 2024 నవంబరు 30వ తేది రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి చెంత తీరము దాటినప్పుడు, అత్తిముగంలో మేమును అటులనే అనుకొంటిమి. సముద్రమెక్కడ, మన మగ్గమెక్కడ! కాని డిసెంబరు 2వ తేది ఉదయమునకు ముగిసిన 24 గంటలలో, మన కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైలోనే 50 సెంటీమీటర్ల వాన పడినది. చెరువు పొంగి, రోడ్డుపక్క నిలిపిన వాహనములు కొట్టుకొనిపోయినవి. ఆ ఊరు సముద్రమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది.

ఇది ఎట్లు జరిగినది? తుపాను వలన ముప్పు మూడు విధములు: గాలి, ఉప్పెన, వాన. ఉప్పెన తీరప్రాంతమును ముంచును. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది అదియే. గాలికి బలము వెచ్చని సముద్రము నుండి లేచు ఆవిరి. నేలమీదికి వచ్చిన పిదప ఆ బలము తగ్గి గాలి నీరసించును. కాని మేఘములలో చేరిన నీరు మిగిలియే యుండును. తుపాను మెల్లగా కదలినచో ఆ నీరంతయు కొద్దిచోటనే కుమ్మరించును. ఫెంగల్ పుదుచ్చేరి వద్ద కొన్ని గంటలు కదలక నిలిచి, బలహీనపడి, పడమరగా మన వైపు సాగినది.

ఇంటిలో అన్నిటికంటె పల్లమున నుండునది మగ్గపు గుంట. గడప దాటిన నీరు ముందుగా దానిలోనే దిగును. పైనుండి తడవకపోయినను గుంట అడుగున నీరు ఊరును. నీరు తోడివేసినను చెమ్మ ఆరు వరకు కూర్చుండి నేయుటకు వీలు లేదు. గంజి పెట్టిన పడుగు బూజు పట్టును. ఇనుప పన్నె తుప్పుపట్టి, ఆ మరక బట్టకు అంటును. జకార్డు అట్టలు ఉబ్బిపోవును. వీధిలో పడుగు చాచుట ఆగిపోవును. నాలుగు దినముల వాన నెలకూలిని తినివేయును.

కావున ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను:

1. తీరము దాటిన వార్తతో ఆగక, మన జిల్లాకు వాతావరణ శాఖ ఇచ్చు హెచ్చరికను మరి రెండు మూడు దినములు వినవలెను. ఎరుపు హెచ్చరిక యున్నచో కొత్త పడుగు ఎక్కించరాదు.

2. నూలు, కండెలు, అట్టలు నేలమీద నుంచక అటక మీదికి చేర్చవలెను. నేసినంతవరకు బట్టను కోసి సంఘమునకు అప్పగించవలెను.

3. గుంట చుట్టు జానెడు ఎత్తున గట్టు కట్టుకొనవలెను. ఇది వేసవిలోనే చేయవలసిన పని.

4. మగ్గము తడిసినచో, శుభ్రము చేయుటకు ముందే ఫోటో తీయించి, గ్రామ పరిపాలనాధికారికి వ్రాతమూలముగా తెలిపి, నకలు దగ్గర నుంచుకొనవలెను. తుడిచివేసిన పిదప నష్టమును చూపుట కష్టము.

ఇక నూలు సంగతి. తడిసి చెడిన నూలు సంఘముదైనను, దాని లెక్క నేతగాని పేరనే యుండును. ఆ నష్టము ఎవరు భరింపవలెనను తగవు వరద వచ్చిన పిదప తేలదు. సర్వసభ్య సమావేశములో ముందుగనే తీర్మానించి పుస్తకములో వ్రాసికొనుట ఉభయులకు మేలు. వచ్చే వానలకు ముందే ఆ పని చేయవలెనని ప్రతి సంఘమును కోరుచున్నాము.