తలుపులో ఫ్యాను: అటక గుట్టు తేల్చిన యంత్రం

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, ప్రిన్స్‌టన్‌కు తూర్పున ఈస్ట్ విండ్సర్ ఉంది. ఇవాళ ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. 1970ల తొలినాళ్లలో అక్కడ ట్విన్ రివర్స్ అనే కాలనీ లేచింది. గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన రెండంతస్తుల ఇళ్లు. 1972లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సోకోలో నడిపించిన ఒక బృందం ఈ ఇళ్లనే తన ప్రయోగశాలగా చేసుకుంది. చలికాలంలో ఒక మామూలు కుటుంబం ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఎంత ఇంధనం కాలుస్తోంది, అందులో ఎంత వృథా పోతోంది అన్నది వారి ప్రశ్న. మరుసటి ఏడాది అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. అప్పటిదాకా ఎవరికీ పట్టని ప్రశ్న ఒక్కసారిగా దేశమంతటి ప్రశ్న అయింది.

బృందాన్ని మొదట ఆశ్చర్యపరిచింది కొలతల్లోని తేడా. ఒకే ప్లానుతో కట్టిన ఇళ్లలో ఒక ఇల్లు పక్క ఇంటికి రెట్టింపు గ్యాసు కాలుస్తోంది. ఇందులో మనుషుల అలవాట్ల పాలు చాలా ఉందని తేల్చారు. రెండో ఆశ్చర్యం అటకలో ఎదురైంది. ఈ వ్యాసంలోని యంత్రానికి పని దొరికింది కూడా అక్కడే.

చలిదేశాల ఇళ్లకు పైన వాలు కప్పు ఉంటుంది. దాని కింద గదులకు సమతలంగా సీలింగు ఉంటుంది. ఈ రెండింటి మధ్య మనుషులు కాపురముండని చోటే అటక. వేడి కింది గదుల్లో నిలవాలి, అటక బయటి చలితోనే ఉండాలి. అందుకని సీలింగు పైభాగాన ఫైబర్‌గ్లాసో, ముక్కలు చేసిన కాగితంతో తయారైన సెల్యులోజో పరుస్తారు. దీన్నే ఇన్సులేషన్ అంటారు. ఎంత వేడి దాటిపోతుందో చెప్పడానికి ఇంజనీర్ల పుస్తకంలో చిన్న లెక్క ఉంది: సీలింగు వైశాల్యాన్ని రెండు వైపులా ఉన్న ఉష్ణోగ్రతల తేడాతో గుణించి, ఇన్సులేషన్ నిరోధంతో భాగిస్తే చాలు. ఆ నిరోధాన్ని ఆర్-విలువ అంటారు. ఫైబర్‌గ్లాసుకు అంగుళానికి ఇది సుమారు 3. అమెరికా ఇంధన శాఖ చలి ప్రాంతాల అటకలకు ఇప్పుడు ఆర్-49 నుంచి ఆర్-60 దాకా సిఫారసు చేస్తోంది. అంటే పదహారు నుంచి ఇరవై అంగుళాల మందం. పాత ఇళ్లలో మూడు నాలుగు అంగుళాలే ఉంటాయి, కొన్నింటిలో అదీ ఉండదు. కాబట్టి ఇంకొన్ని అంగుళాలు పరిస్తే సమస్య తీరిపోతుందని అందరూ అనుకున్నారు.

ట్విన్ రివర్స్ అటకల్లో థర్మామీటర్లు పెడితే ఆ లెక్క తలకిందులైంది. జాన్ బేయా, గౌతమ్ దత్, టామ్ వొటెకి చూసిన అంకెల ప్రకారం అటక ఉండాల్సినదానికంటే బాగా వెచ్చగా ఉంది. ఇన్సులేషన్ గుండా అటకలోకి చేరాల్సిన వేడికి కొన్ని రెట్ల వేడి చేరుతోంది. సూత్రంలో తప్పు లేదు, ఫైబర్‌గ్లాసులో లోపం లేదు. మరి ఆ వేడి ఏ దారిన ఎక్కుతోంది?

పైకెక్కి వెతికితే దారులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడను బోలు కాంక్రీటు దిమ్మెలతో కట్టారు. ఆ దిమ్మెల లోపలి ఖాళీలు ఒకదానిమీదొకటి కలిసి బేస్‌మెంటు నుంచి అటక దాకా గొట్టాల్లా నిలిచాయి. ఫర్నేసు పొగగొట్టం పైకి వెళ్లడానికి వదిలిన నిలువు సందు పైన తెరుచుకునే ఉంది. కరెంటు తీగల కోసం, డ్రైనేజీ గాలిగొట్టాల కోసం చెక్కల్లో తొలిచిన రంధ్రాలు ఎవరూ పూడ్చలేదు. వేడి గాలి ఇన్సులేషన్ జోలికే రాకుండా దాని పక్కనుంచి పైకి పోతోంది. ఆ దొంగదారులకు పరిశోధకులు బైపాస్‌లని పేరు పెట్టారు.

ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం తప్పదు. వేడి గాలి తేలిక కాబట్టి చలికాలంలో ఇంట్లో గాలి పైకి నెడుతుంది. పైభాగంలో లోపలి పీడనం బయటికంటే కొంచెం ఎక్కువ, అడుగున కొంచెం తక్కువ, నడిమి ఎత్తున రెండూ సమానం. కాబట్టి పైన గాలి బయటికి పోతుంది, కింద చలిగాలి లోపలికి వస్తుంది. మనకు కంటికి కనబడే కిటికీలు, తలుపులు ఎక్కువగా నడిమి ఎత్తునే ఉంటాయి. పీడనం తేడా అక్కడ నామమాత్రం. జనం మాత్రం ఏటా కిటికీ అంచులకే పుట్టీ పూసుకుంటూ కూర్చున్నారు. సీలింగులో కనబడని బెత్తెడు సందు ఒక కిటికీ చుట్టూ ఉన్న సన్నని సందులన్నిటికంటే ఎక్కువ నష్టం చేయగలదు.

అయితే ఏ ఇల్లు ఎంత గాలి కోల్పోతోందో కొలవడం ఎలా? సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువును ఇంట్లో కొద్దిగా వదిలి, అది ఎంత త్వరగా పలచబడుతోందో చూడటం అప్పటి పద్ధతి. ప్రిన్స్‌టన్‌లో డేవిడ్ హార్జే ఆ పనిని తనంతట తానే చేసే పరికరాలు కూడా తయారు చేశాడు. పద్ధతి కచ్చితమైనదే కానీ ఫలితం ఆనాటి గాలిని బట్టి, చలిని బట్టి మారిపోతుంది. ఈదురుగాలి రోజున వచ్చిన అంకె వేరు, నిశ్చలంగా ఉన్న రోజున వచ్చిన అంకె వేరు. పైగా గాలి ఎంత పోతోందో అది చెబుతుంది, ఎక్కడినుంచి పోతోందో చెప్పదు.

దీనికి జవాబు స్వీడన్ నుంచి వచ్చింది. చలి మరీ ఎక్కువైన ఆ దేశంలో 1977 ప్రాంతంలో కిటికీలో ఒక ఫ్యాను బిగించి ఇంటి బిగుతును పరీక్షించేవారు. ఓకె బ్లోమ్‌స్టర్‌బెర్గ్ అనే పరిశోధకుడు ఆ పద్ధతిని ప్రిన్స్‌టన్‌కు తెచ్చాడు. అక్కడ ఫ్యాను కిటికీలోంచి తలుపులోకి మారింది. బ్లోయర్ డోర్ అనే పేరు దాన్నిబట్టే వచ్చింది. అదే కాలంలో కెనడాలోని సస్కాచెవాన్‌లో హెరాల్డ్ ఓర్ వంటివారు కూడా ఇళ్ల బిగుతు మీద పనిచేస్తున్నారు.

యంత్రం చాలా సాదా. వీధి తలుపు తెరిచి, ద్వారబంధంలో సర్దుకునే అల్యూమినియం చట్రం నిలబెడతారు. దానికి గాలి దూరని గుడ్డ బిగిస్తారు. గుడ్డలోని రంధ్రంలో పెద్ద ఫ్యాను కూర్చుంటుంది. పక్కన పీడనం కొలిచే మానోమీటరు, దాన్నుంచి ఇంటి బయటికి ఒక సన్నని గొట్టం. కిటికీలన్నీ మూసి, లోపలి తలుపులన్నీ తెరిచి, ఫర్నేసును, నీటి హీటరును ఆపి, నిప్పుగూడులో బూడిద ఉంటే ఎత్తిపోసి, ఫ్యాను తిప్పుతారు. బూడిద తీయకపోతే అది హాలంతా పరుచుకుంటుంది. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగుతుంటే, ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి ప్రతి సందులోంచీ లోపలికి దూసుకొస్తుంది. లోపలి పీడనం బయటికంటే 50 పాస్కల్ తగ్గేదాకా వేగం పెంచి, అప్పుడు ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతోందో చదువుతారు. లోపలికి వచ్చిన గాలీ బయటికి పోయిన గాలీ సమానం కాబట్టి అదే సందుల కొలత.

50 పాస్కలే ఎందుకు? రెండంతస్తుల ఇంట్లో చలికాలపు వేడి గాలి సీలింగు దగ్గర పుట్టించే పీడనం రెండు మూడు పాస్కల్ మాత్రమే. చిన్న ఈదురుగాలి వచ్చినా ఆ కొలత చెదిరిపోతుంది. 50 పాస్కల్ దగ్గర ఆ ఊగిసలాట లెక్కలోకి రాదు, పరీక్ష ఏ రోజున చేసినా దాదాపు ఒకే అంకె వస్తుంది. అంత ఒత్తిడికి ఇల్లు ఏమైనా అవుతుందేమోనని భయపడనక్కర లేదు. అది ఐదు మిల్లీమీటర్ల ఎత్తు నీటి పీడనం, ఒక తలుపు మొత్తం మీద పది కిలోల బరువు ఆనినంత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు వేల చదరపుటడుగుల ఇల్లు, ఎనిమిది అడుగుల సీలింగు. లోపల 16,000 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పరీక్షలో ఫ్యాను నిమిషానికి 2,670 ఘనపుటడుగులు లాగిందనుకోండి. గంటకు ఇంటి గాలి పదిసార్లు మారినట్టు. పాత ఇళ్లలో ఇది సర్వసాధారణం. మామూలు రోజుల్లో ఎంత మారుతుందో తెలియాలంటే ఆ పదిని 20తో భాగించాలి. క్రోన్‌వాల్, పర్సిలీ అనే ఇద్దరు పరిశోధకుల పేరున నిలిచిన ముతక సూత్రమిది. జవాబు అర. గంటకు సగం ఇంటి గాలి, దాన్ని వేడి చేయడానికి కాల్చిన గ్యాసుతో సహా, బయటికి పోతోందన్నమాట. ఆ ఇంటి సందులన్నీ ఒకచోట చేరిస్తే ఒక్కో వైపు సుమారు పదహారు అంగుళాలున్న చదరపు కన్నం అవుతుంది. గోడకు అంత కన్నం కనబడితే ఎవరూ ఒక్క పూట కూడా ఊరుకోరు. వెయ్యి చోట్ల చెదిరి, కనబడకుండా ఉంది కాబట్టి దశాబ్దాలు ఊరుకున్నారు.

ఈ అంకె ఎంత విలువైనదైనా, యంత్రం అసలు గొప్పతనం మరొకటని నా అభిప్రాయం. ఫ్యాను తిరుగుతుండగా సందు దగ్గర చెయ్యి పెడితే గాలి తగులుతుంది. వెలిగించిన అగరువత్తిని గోడ వెంట నడిపిస్తే పొగ పక్కకు వంగి చోటు చూపిస్తుంది. చలి రోజున పరారుణ కెమెరాతో చూస్తే అటకలోంచి దిగే చలిగాలి సీలింగు మీద నల్లని చారలుగా కనబడుతుంది. 1979లో హార్జే, దత్, బేయా ఈ పద్ధతిలో వెతికి, కిటికీలూ తలుపులూ ప్లగ్గు పెట్టెలకంటే దాగి ఉన్న బైపాస్‌లదే పెద్ద వాటా అని చూపించారు. అప్పటినుంచి ప్రిన్స్‌టన్‌లోనూ, కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలోనూ ఈ పనికి ఇంటి వైద్యం అని పేరు నిలిచింది. పరీక్షించి, రోగం ఉన్నచోట మందు వేసి, మళ్లీ పరీక్షించడం అందులో పద్ధతి. ట్విన్ రివర్స్‌లోనే ఫ్రాంక్ సిండెన్ 1978 నాటికి ఒక ఇంట్లో అటక, కిటికీలు, బేస్‌మెంటు, సందులు అన్నిటినీ సరిచేసి, వేడికయ్యే ఇంధనాన్ని మూడింట రెండు వంతులు తగ్గించి చూపించాడు.

ఇప్పుడు ఫైబర్‌గ్లాసు సంగతి. గాజును సన్నని పోగులుగా లాగి చేసే ఈ పదార్థం 1930లలో అమెరికాలో ఫ్యాక్టరీ సరుకైంది. వేడిని ఆపేది గాజు కాదు, పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఆ గాలి కదిలిందా, ఈదురుగాలిలో కప్పుకున్న వదులు అల్లిక శాలువా ఎంత పనికొస్తుందో అదీ అంతే పనికొస్తుంది. పాత అటకల్లో గులాబీ రంగు ఫైబర్‌గ్లాసు ఎత్తి చూస్తే కొన్నిచోట్ల నల్లగా మురికి పట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంటి గాలి దానిగుండా పైకి పోతూ దుమ్మును వదిలిపోయిన గుర్తు అది. బైపాస్ ఎక్కడుందో యంత్రం లేకపోయినా ఆ మరక చెబుతుంది. దాని మీద ఇంకో పది అంగుళాలు పరిస్తే మరక కప్పబడిపోతుంది, సందు సందులాగే ఉండిపోతుంది. ఇంకో నష్టమూ ఉంది. ఇంటి గాలితోపాటు తేమ కూడా పైకి వెళ్తుంది. ఎక్కువ ఇన్సులేషన్ వల్ల అటక ఇప్పుడు ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి ఆ తేమ కప్పు చెక్కల మీద నీరై బూజు పట్టిస్తుంది.

అందుకే పని వరస మారింది. ముందు ఇన్సులేషన్ పక్కకు లాగి, తీగల రంధ్రాలను, గోడల తలలను నురుగుతో మూయాలి. పొగగొట్టం చుట్టూ రేకు, వేడికి తట్టుకునే సీలెంటు మాత్రమే వాడాలి, మామూలు నురుగు అక్కడ నిప్పుకు ఆహారం. అటక ఎక్కే మూతకు రబ్బరు అంచు కట్టాలి. ఫ్యాను మళ్లీ తిప్పి అంకె తగ్గిందో లేదో చూడాలి. ఆ తర్వాతే ఇన్సులేషన్ పరవాలి.

బ్లోయర్ డోర్ 1980లలో ప్రయోగశాల దాటి మినియాపొలిస్ వంటి చలి ఊళ్ల పనివారి చేతికి వచ్చింది. దాని పరీక్షకు 1981లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నియమాలు రాసింది. పేదల ఇళ్లను బాగుచేయడానికి 1976 చట్టంతో పుట్టిన ప్రభుత్వ పథకంలో అది నిత్యం వాడే పనిముట్టయింది. 2012 నాటి నమూనా నిర్మాణ నియమావళి కొత్త ఇళ్లన్నిటికీ పరీక్ష తప్పనిసరి చేసి, చలి ప్రాంతాల్లో ఆ పరీక్షలో గంటకు మూడుసార్లకు మించి గాలి మారకూడదంది. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం ఇంకా కఠినం, హద్దు 0.6 మాత్రమే.

పాత ఇళ్ల విషయంలో నియమావళి ఎవరినీ బలవంతపెట్టదు. అక్కడ జాగ్రత్తలు కూడా ఎక్కువ. అటకలో మెరిసే చిన్న చిన్న గులకల్లా పోసిన ఇన్సులేషన్ కనబడితే ముట్టుకోవద్దు, ఫ్యాను కూడా తిప్పించవద్దు. అది వర్మిక్యులైట్ కావచ్చు. మోంటానాలోని లిబ్బీ గనినుంచి 1990 దాకా వచ్చిన వర్మిక్యులైట్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉంది. ఫ్యాను లాగితే ఆ దుమ్ము గదుల్లోకి దిగుతుంది. పింగాణీ గుబ్బల మీద పరిచిన పాతకాలపు కరెంటు తీగలున్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. గాలి తగిలితేనే చల్లబడే తీగలవి, వాటిని కప్పేస్తే వేడెక్కుతాయి. ఇల్లు బిగుతైన తర్వాత పొగ సరిగ్గా బయటికి పోతోందా, వంటగదికి, స్నానాల గదికి గాలి ఫ్యాన్లు సరిపోతున్నాయా అన్నది కూడా అదే రోజు చూపించుకోవాలి. బిగుతు కట్టడమూ గాలి ఆడించడమూ కలిసి జరగాల్సిన పనులు.

న్యూజెర్సీలోనో, షికాగోలోనో, టొరంటోలోనో పాత ఇల్లు కొనుక్కున్న మనవారికి ఒక మాట. ఇన్సులేషన్ వేసేవారు ఎన్ని అంగుళాలు పోస్తారో చెబుతారు, ధర చెబుతారు. పని మొదలుకాక ముందు బ్లోయర్ డోర్ అంకె ఒకటి, పూర్తయ్యాక ఒకటి కాగితం మీద రాసి ఇవ్వమని ఒప్పందంలోనే అడగండి. రెండో అంకె తగ్గకపోతే సందులు మూయకుండానే పైన పరిచేశారని అర్థం. డబ్బు చేతికివ్వకముందే వారిని మళ్లీ అటక ఎక్కించండి.