ఇంజను బ్లేడుల కంపనము: అపోహలు – వాస్తవములు

వాల్మీకిపురము, మదనపల్లె సీమలనుండి బ్రతుకుదెరువునకై కువైటు పోవువారిలో పెక్కురు బెంగళూరులో విమానమెక్కి, ఇంజను మ్రోతనుబట్టియు కుర్చీ అదురునుబట్టియు దాని మంచిచెడ్డలను తామే నిర్ణయించుట కద్దు. అట్టి నిర్ణయములు కొన్నింటిని ఇచ్చట పరిశీలింతము.

అపోహ: కుర్చీ అదరినచో బ్లేడులు అదరుచున్నట్లే.

వాస్తవము: ఆ అదురు చాలమట్టుకు గాలి ఒడుదుడుకులవలన కలుగునది. బ్లేడు కంపనము సెకనుకు వందల, వేల పర్యాయములు జరుగునదైనను, దాని కదలిక మిక్కిలి స్వల్పమగుటచే బరువైన యంత్రభాగములలోనే అణగిపోవును. ఇంజను కవచముపై బిగించిన కంపనమాపకములు సైతము రోటరు తూకము తప్పుటను పసిగట్టునేగాని, ఏ బ్లేడు ఎంత వణకుచున్నదో విడదీసి చెప్పజాలవు.

అపోహ: వేగము హెచ్చినకొలది కంపనమును హెచ్చును.

వాస్తవము: నిమిషమునకు 9,000 చుట్లు తిరుగు రోటరు సెకనుకు 150 చుట్లు తిరుగును, గాలిబాటలో నాలుగు ఆధారదండములు అడ్డమున్నచో ప్రతి బ్లేడునకును సెకనుకు 600 తాకిడులు తగులును. బ్లేడు సహజ పౌనఃపున్యమును, అనగా అది తనంత తాను సెకనుకు కంపించు పర్యాయముల సంఖ్యయు, అంతయే యైనచో అనునాదము పుట్టి కంపనము పెచ్చుపెరుగును. ఆ వేగము దాటినంతనే తగ్గును. ఇట్టి వేగములను ముందుగా చూపు పటమునకు, ఆవిరి టర్బైను చక్రముల కంపనమును గూర్చి 1924లో వ్రాసిన విల్‌ఫ్రెడ్ క్యాంబెల్ పేరు నిలిచినది.

అపోహ: తిరుగుచున్న బ్లేడును తాకనిదే దాని వణకు తెలియదు.

వాస్తవము: పరీక్షలలో కొన్ని బ్లేడులకు సాగుదలను కొలుచు స్ట్రెయిన్ గేజీలు అతికించుట కలదు. అయితే బస్సెక్కకయే అది వచ్చిన వేళను వ్రాసికొను బస్టాండు కంట్రోలరువలె, కవచములో అమర్చిన సెన్సారులు ప్రతి బ్లేడు కొనయు తమ యెదుటికి వచ్చిన క్షణమును గుర్తించును. కంపించు బ్లేడు ముందుగానో ఆలస్యముగానో వచ్చును. కొన వేగము సెకనుకు 400 మీటర్లైనపుడు 0.1 మిల్లీమీటరు వంగుదల 0.25 మైక్రోసెకను తేడాగా బయటపడును.

అపోహ: మేలైన లోహపు బ్లేడునకు ఈ బాధ లేదు.

వాస్తవము: హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనశాల (డి.ఎం.ఆర్.ఎల్.) 2021లో హెలికాప్టరు ఇంజనుకై, ఒకే స్ఫటికముగా పోతపోసిన 60 ఏకస్ఫటిక బ్లేడులను విమాననిర్మాణసంస్థ హెచ్.ఏ.ఎల్.కు అందించినది. అట్టి బ్లేడు తీవ్రమైన వేడిని ఓర్చునుగాని, స్ఫటికపు బిగువు ఒక్కొక్క దిశలో ఒక్కొక్క తీరుననుండుటచే, పోతలో ఆ దిశ ఇంచుక ఒరిగినను సహజ పౌనఃపున్యము మారి, అనునాదము వేరొక వేగమున పుట్టవచ్చును.

అపోహ: కంపనము మామూలుగా నున్నచో పగులు లేనట్లే.

వాస్తవము: 2018 ఏప్రిల్ 17న అమెరికాలో సౌత్‌వెస్ట్ 1380 విమానపు ఫ్యాను బ్లేడొకటి, తన మొదలులో పుట్టిన పగులు పెరిగిపెరిగి విరిగిపోగా, ఒక ప్రయాణికురాలు మరణించెను. 2012లో జరిగిన రంగుద్రవ పరీక్షకు ఆ పగులు చిక్కకపోయి యుండునని దర్యాప్తులో తేలినది. పిదప అట్టి బ్లేడులకు అతిధ్వని పరీక్షలు విస్తరింపబడినవి. కావున కంపనపు లెక్క తనిఖీకి తోడేగాని బదులు కాదు.