బ్రౌజర్ మొహం మార్చింది… మీకు తెలుసా?

బ్రౌజర్‌ని రోజూ తెరుస్తాం. కానీ దాని మొహం మారిన రోజే దాన్ని నిజంగా చూస్తాం! ‘నా బటన్ ఏది? ట్యాబ్ ఎటు పోయింది?’ అని తిట్టుకుంటాం. ఆ తిట్ల చరిత్రలో బోలెడన్ని వింతలున్నాయి. పదండి!

మీకు తెలుసా? ప్రపంచంలో మొట్టమొదటి బ్రౌజర్‌లో పేజీలు చదవడమే కాదు, అందులోనే రాయొచ్చు, దిద్దొచ్చు కూడా. 1990లో సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని తయారుచేశాడు. తర్వాత జనంలోకి దూసుకెళ్లిన బ్రౌజర్లు ఆ రాసే సదుపాయాన్ని పక్కన పెట్టేశాయి. కొత్తది రాగానే పాత సౌకర్యం మాయమవడం ఈ రంగానికి పుట్టుకతో వచ్చిన బుద్ధన్నమాట!

మీకు తెలుసా? ఒక్కరోజులో 80,02,530 డౌన్‌లోడ్లు! 2008 జూన్ 17న విడుదలైన ఫైర్‌ఫాక్స్ 3 ఈ లెక్కతో గిన్నిస్ రికార్డు కొట్టింది. అదే వెర్షన్‌లో అడ్రస్ బార్ తీరు మారింది. నాలుగక్షరాలు కొడితే మీరు ఎప్పుడో చూసిన పేజీలన్నీ వెతికి ముందు పెట్టేది. కొందరికి అది ఎంత చిరాకు పుట్టించిందంటే, పాత బార్‌లా కనిపించేలా చేయడానికి ‘ఓల్డ్‌బార్’ అని ఒక యాడ్-ఆన్ పుట్టుకొచ్చింది. గిన్నిస్ వాళ్లు డౌన్‌లోడ్లు లెక్కపెట్టారు గానీ, తిట్లు లెక్కపెట్టలేదు!

ఇక ఫైర్‌ఫాక్స్‌లోనే ఇంకాస్త మజా ఉంది, కదలకండి. 2014 ఏప్రిల్ 29న వచ్చిన 29వ వెర్షన్ ట్యాబ్‌లకు వంపులు తొడిగింది. మూలన మూడు గీతల మెనూ పెట్టింది. బదులుగా కింద ఉండే యాడ్-ఆన్ బార్ పోయింది, ట్యాబ్‌లను అడ్రస్ బార్ కిందికి దించుకునే వీలూ పోయింది. ఊరుకుంటారా? ‘క్లాసిక్ థీమ్ రిస్టోరర్’ అనే యాడ్-ఆన్‌తో పాత రూపాన్ని మళ్లీ తెచ్చుకున్నారు.

అక్కడితో అయిపోలేదు! 2017 నవంబర్ 14న 57వ వెర్షన్ దిగింది. ‘క్వాంటమ్’ అని పేరు. ఆరు నెలల కిందటి ఫైర్‌ఫాక్స్ కంటే రెండింతల వేగం అని దాన్ని తయారుచేసే మొజిల్లా ప్రకటించింది. వంపులు పోయి ట్యాబ్‌లు పలకల్లా చదునయ్యాయి. మరి ఆ వేగానికి కట్టిన మూల్యం? పాత పద్ధతిలో రాసిన యాడ్-ఆన్‌లన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి, క్లాసిక్ థీమ్ రిస్టోరర్‌తో సహా. వంపులు వద్దు మొర్రో అన్నవాళ్ల గోడు మూడున్నరేళ్లకు తీరింది. తీర్చిన వెర్షనే వాళ్ల యాడ్-ఆన్‌ని మింగేసింది!

యాడ్-ఆన్ అంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. ఆ రాతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించే యాడ్-ఆన్ ఒకటి ఫైర్‌ఫాక్స్‌కి ఉండేది. పేరు ‘పద్మ’. పేపర్ చదవడానికి ముందు పద్మను పిలవాల్సిన రోజులవి!

మీకు తెలుసా? ఉచితంగా దొరికే ఫైర్‌ఫాక్స్‌కి ఒకప్పుడు వారంటీ హెచ్చరిక ఉండేది! లోపలి మరలు విప్పుకునే అబౌట్-కాన్ఫిగ్ పేజీకి వెళ్తే, ‘ఇలా చేస్తే మీ వారంటీ పోవచ్చు’ అని భయపెట్టేది. జాగ్రత్తగా ఉంటానని మాటిచ్చే బటన్ నొక్కితేనే లోపలికి. పైసా ఇవ్వని సరుక్కి వారంటీ ఎక్కడిదండీ? 2021 జూన్ 1న వచ్చిన 89వ వెర్షన్ ట్యాబ్‌లను లావు బటన్లలా చేసి, తక్కువ చోటు పట్టే కాంపాక్ట్ పద్ధతిని మెనూలోంచి తీసి ఈ పేజీలోనే దాచింది. చిన్న తెర ల్యాప్‌టాప్ వాళ్లు దాన్ని తవ్వుకుని మరీ వాడుకున్నారు. నన్నడిగితే వాళ్లదే న్యాయం. కళ్లకు ఇంపుగా ఉంటే సరా, పేజీకి చోటు మిగలొద్దూ?

మీకు తెలుసా? 2011లో ఫైర్‌ఫాక్స్ 4తో ట్యాబ్‌లను గుంపులుగా కట్టే ‘పనోరమా’ వచ్చింది. వాడేవాళ్లు లేరని 2016లో పీకేశారు. 2025లో? 138వ వెర్షన్‌తో ట్యాబ్ గ్రూపులు మళ్లీ ప్రత్యక్షం! జనం అడిగారట. ఆ జనమంతా 2016లో ఎక్కడున్నారో!

మీకు తెలుసా? విండోస్ 8 వేలితో తాకే తెరల కోసం మొజిల్లా ప్రత్యేకంగా ఒక ఫైర్‌ఫాక్స్ తయారుచేసింది. విడుదలకు ముందు పరీక్షకు పెడితే, ఏ రోజూ వెయ్యిమందికి మించి వాడలేదు! 2014 మార్చిలో అటకెక్కించారు. వెయ్యిమందంటే మన ఊళ్లో పెళ్లి భోజనాలకే చాలదు.

ఇప్పుడు క్రోమ్ వంతు. 2008లో క్రోమ్‌ని పరిచయం చేయడానికి గూగుల్ ఏం పంపిందో తెలుసా? 38 పేజీల బొమ్మల కథ! గీసింది పేరున్న కామిక్ కళాకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్. అదీ అనుకున్న తేదీకి ముందే బయటికి పొక్కేసింది. కథ కంటే క్లైమాక్స్ ముందొచ్చింది!

మీకు తెలుసా? 2016లో క్రోమ్ బ్యాక్‌స్పేస్ మీటతో వెనక్కి వెళ్లే వీలు తీసేసింది. ఫారం నింపుతూ ఒక్క అక్షరం చెరపబోతే రాసిందంతా ఎగిరిపోతోందని జనం లబోదిబోమనేవారు. గూగుల్ లెక్క ప్రకారం ఆ మీటతో వెనక్కి వెళ్లేది పేజీ వీక్షణల్లో 0.04 శాతమే. తీరా తీసేశాక ఆ 0.04 శాతం ఊరుకుంటేగా! వాళ్ల కోసం గూగులే ఒక ఎక్స్‌టెన్షన్ తయారుచేసి ఇచ్చింది. తీసిందీ తనే, పెట్టిందీ తనే!

2018లో పదో పుట్టినరోజుకి క్రోమ్ ట్యాబ్‌లను గుండ్రంగా చేసింది, అడ్రస్‌లో మూడు డబ్ల్యూలు దాచేసింది. అడ్రస్ మధ్యలో ఉన్నా సరే వదల్లేదు! సైట్ పేరే తప్పుగా కనిపిస్తోందని గోల లేస్తే కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఏడాది తిరిగేసరికి మళ్లీ దాచింది. పట్టువదలని విక్రమార్కుడు!

అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉండేది కదా, దానర్థం ఏమిటో చెప్పండి చూద్దాం. ‘ఈ సైటు నమ్మదగినది’ అన్నారా? తప్పు! మీకూ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారం గుప్తంగా ఉందని మాత్రమే. మోసగాడి సైటుకీ తాళం ఉంటుంది. 2021లో గూగుల్ అధ్యయనంలో దీన్ని సరిగ్గా చెప్పినవాళ్లు 11 శాతమే. అందుకే 2023లో క్రోమ్ తాళం తీసేసి, సెట్టింగుల గుర్తు పెట్టింది. నూటికి 89 మంది ఫెయిల్ అయితే ప్రశ్నాపత్రమే మార్చేశారన్నమాట!

మీకు తెలుసా? 2021లో ఆపిల్ ఐఫోన్ సఫారీలో అడ్రస్ బార్‌ని పైనుంచి కిందికి దించింది. బొటనవేలికి అందాలని! పరీక్ష దశలోనే గగ్గోలు. సెప్టెంబర్‌లో విడుదలయ్యేసరికి పైనా పెట్టుకోవచ్చు, కిందా పెట్టుకోవచ్చు. ఎవరి వేలు వారిష్టం.

గగ్గోలు పుట్టడానికి రూపం మార్చక్కర్లేదు, ఒక్క తెలుగు అక్షరం చాలు అనిపించిన ముచ్చట కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక తీరులో టైప్ చేసి పంపితే ఐఫోన్ యాప్‌లు టపటపా కూలిపోయాయి. ఆపిల్ అదే నెలలో హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది. అంత జ్ఞానం తట్టుకోలేకపోయింది పాపం!

మీకు తెలుసా? 2005లో ఒపెరా బ్రౌజర్ అధిపతి జాన్ వాన్ టెట్జ్‌నర్ ఒక పందెం వేశాడు. కొత్త వెర్షన్‌ని నాలుగు రోజుల్లో పది లక్షలమంది దింపుకుంటే నార్వే నుంచి అమెరికాకు ఈదుతానని! దారిలో ఐస్‌లాండ్‌లో అమ్మ ఇంట్లో హాట్ చాక్లెట్ తాగడానికి మాత్రం ఆగుతాడట. పది లక్షలు దాటింది. నీళ్లలోకి దిగాడు కూడా! అమెరికా మాత్రం చేరలేదు. తర్వాత ఆయన ఒపెరా వదిలి వెళ్లిపోయాడు. 2013లో ఒపెరా లోపలి ఇంజిన్ మార్చి, పాత సదుపాయాలెన్నో వదిలేసింది. అలిగిన అభిమానుల కోసం ఆయనే ‘వివాల్డీ’ అనే బ్రౌజర్ మొదలుపెట్టాడు. ఈసారి ఈత పందెం వేయలేదు!

అన్నిటికంటే సాహసం ఆర్క్ బ్రౌజర్‌ది. 2023 జులైలో మ్యాక్ కోసం పూర్తిస్థాయిలో విడుదలైంది. ట్యాబ్‌లు పైన కాదు, పక్కన నిలువుగా. పేర్లు పూర్తిగా కనిపిస్తాయి, పేజీ వెడల్పు కాస్త తగ్గుతుంది. పన్నెండు గంటలు ముట్టుకోని ట్యాబ్‌ని అదే సర్దేస్తుంది! వాడినవాళ్లు మురిసిపోయారు. మరి కొత్తరకం సదుపాయాలు ఎంతమంది వాడారు? ట్యాబ్‌లను విడివిడిగా పెట్టుకునే ‘స్పేస్’లు ఒకటికి మించి వాడింది 5.52 శాతం. తయారీదారులకు ముద్దొచ్చిన క్యాలెండర్ సదుపాయం వాడింది 0.4 శాతం! ఈ అంకెలు 2025లో కంపెనీయే బయటపెట్టింది. అప్పటికే ఆర్క్‌కి కొత్త హంగులు ఆపేసి ‘డియా’ అనే మరో బ్రౌజర్ మీద పడ్డారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అట్లాషియన్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఆ కంపెనీని 61 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఎక్కువమంది వాడకపోయినా ఎక్కువ డబ్బొచ్చింది!

మీకు తెలుసా? 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రిటైరైంది, మైక్రోసాఫ్ట్‌లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల హయాంలోనే. దక్షిణ కొరియాలో ఒక ఇంజినీర్ దానికి ఏకంగా సమాధి రాయి చెక్కించాడు, 4,30,000 వాన్‌లు పెట్టి! వేరే బ్రౌజర్లు దింపుకోవడానికి బాగా పనికొచ్చిందని దాని మీద రాయించాడు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలిగా!

కొత్త రూపం ప్రయత్నించే ఉద్దేశం ఉందా? ముందు బుక్‌మార్కులు ఫైలుగా దాచుకోండి. పాత బ్రౌజర్‌ని వెంటనే తీసేయకండి, రెండూ పక్కపక్కనే పనిచేస్తాయి. విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ పొరపాటున మూసిన ట్యాబ్ కోసం కంట్రోల్, షిఫ్ట్, టి మీటలు కలిపి నొక్కండి. బటన్లు ఎక్కడికి పోయినా, ఆ మీటలు మాత్రం పోలేదు!