మంటను బట్టి ఇంజిన్ జబ్బు

సైన్యంలో ఉండగా కాన్వాయ్ బయలుదేరే ముందు ట్రక్కుల పొగ చూసేవాళ్లం. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని, నల్లపొగ అయితే డీజిల్ సరిగా మండడం లేదని అర్థం. బానెట్ ఎత్తకముందే సగం జబ్బు తెలిసిపోయేది. రాకెట్ ఇంజిన్‌కూ ఇలాంటి వైద్యమే ఉంది. అక్కడ చూడాల్సింది మంటలోని వెలుగు.

ప్రతి లోహమూ ఆవిరై వేడెక్కితే తనకే ప్రత్యేకమైన రంగుల్లో వెలుగుతుంది. గ్యాస్ స్టవ్ మీద పప్పుచారు పొంగితే నీలిమంట పచ్చబడుతుంది కదా, అది ఉప్పులోని సోడియం. ద్రవ హైడ్రోజన్‌తో నడిచే ఇంజిన్ మంట దాదాపు కంటికి ఆనదు. అందులో నికెల్, క్రోమియం గీతలు మెరిస్తే టర్బైన్ భాగాలు అరుగుతున్నాయని, రాగి గీత కనిపిస్తే దహనగది గోడ దెబ్బతింటోందని అనుమానించాలి. నాసా తన షటిల్ ప్రధాన ఇంజిన్ల నేల పరీక్షల్లో స్పెక్ట్రోమీటర్లు పెట్టి ఈ గీతలనే గమనించింది.

ఈ విద్యకు మా కోల్‌కతాతో చుట్టరికం ఉంది. రాజాబజార్ సైన్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన మేఘనాథ్ సాహా 1920లో ప్రచురించిన అయనీకరణ సమీకరణంతోనే, నక్షత్రాల వెలుగులోని గీతలను బట్టి వాటి ఉష్ణోగ్రతను లెక్కగట్టడం సాధ్యమైంది. రాకెట్ మంట లెక్కల్లోనూ అది పనికొస్తుంది.

2023 జులై 1న తమిళనాడులోని మహేంద్రగిరిలో ఇస్రో సెమీ క్రయోజనిక్ ఇంజిన్‌లోని కొన్ని కీలక భాగాలను కలిపి మండించి చూసింది. 4.5 సెకన్ల పరీక్ష అది. 2 సెకన్ల దగ్గర టర్బైన్ పీడనం అనుకోకుండా ఎగసి, ఆపై టర్బైన్ వేగం పడిపోవడంతో ఆపేశారు. 2025 మార్చి 28న జరిపిన పరీక్ష విజయవంతమైంది. ఈ ఇంజిన్‌లో టర్బైన్‌ను తిప్పేది ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వేడి వాయువు. అలాంటి చోట లోహమే అంటుకునే ప్రమాదం ఉంది. ఆపడానికి దొరికే వ్యవధి రెప్పపాటు.

అన్ని ఇంజిన్లకూ ఈ వైద్యం ఒకేలా పనిచేయదు. ఘన ఇంధన క్షిపణుల్లో అల్యూమినియం వెలుగు మిగతా గీతలను మింగేస్తుంది. ఎల్‌వీఎం3 పైదశలోని సీఈ-20లో టర్బైన్ వాయువు ప్రధాన మంటలో కలవదు, విడిగా బయటికి పోతుంది. దాని మీద వేరే కన్ను వేయాలి. సెమీ క్రయోజనిక్‌లో మండేది కిరోసిన్. దాని మసి వెలుగులోంచి సన్నటి లోహపు గీతను ఏరాలి, అదీ మిల్లీసెకన్లలో. కష్టమే. అయినా ఇంజిన్‌ను ఆపాలా వద్దా అని తేల్చే కంప్యూటర్‌కు పీడనం, ఉష్ణోగ్రతలతో పాటు ఈ గీతల సమాచారమూ అందాలని నా అభిప్రాయం.