వజ్రం నుంచి ఇటుక దాకా: పార్శిల్ విశేషాలు

ఫోన్‌లో నొక్కితే సరుకు గుమ్మం ముందుకొస్తోంది. దీని వెనక తరతరాల శ్రమ ఉంది, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య కుదిరిన నమ్మకం ఉంది. అందులో కొన్ని విశేషాలివి.

టీవీలో సరుకుల చీటీ: 1984లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 72 ఏళ్ల జేన్ స్నోబాల్ టీవీ రిమోట్ నొక్కి మార్గరీన్, కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు తెప్పించుకున్నారు. బజారుకు వెళ్లలేని వృద్ధుల కోసం చేసిన ప్రయోగమిది. ఇంటి నుంచి సాగిన తొలి ఆన్‌లైన్ కొనుగోళ్లలో దీన్ని ఒకటిగా చెబుతారు.

పాలమూరు ఆర్డరు: 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచే వెళ్లింది. అడిగింది జాన్ వుడ్ రాసిన పుస్తకం. అది తమ దగ్గర లేకపోయినా వ్యవస్థాపకులు బెంగళూరు పుస్తకాల షాపులు గాలించి మరీ పంపారు.

పోస్టులో వజ్రం: 45.52 క్యారెట్ల హోప్ వజ్రాన్ని 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులోనే పంపారు. బీమాతో కలిపి అయిన ఖర్చు 145.29 డాలర్లు.

పార్శిల్‌లో బ్యాంకు: 1916లో అమెరికాలోని వెర్నల్ పట్టణంలో బ్యాంకు కట్టడానికి వేలాది ఇటుకలు పార్శిల్ పోస్టులో వచ్చాయి. సరుకు రవాణా కన్నా తపాలాయే చౌక మరి! బెంబేలెత్తిన తపాలా శాఖ, ఒకరు ఒకరికి రోజుకు 200 పౌండ్లకు మించి పంపకూడదని నిబంధన పెట్టింది.

వందల నుంచి వేల కోట్లకు: 1973 ఏప్రిల్ 17 రాత్రి కొరియర్ సంస్థ ఫెడెక్స్ 14 విమానాలతో మొదలై 25 నగరాలకు చేర్చిన పార్శిళ్లు 186. చైనాలో అన్ని సంస్థలూ కలిపి 2021 ఒక్క ఏడాదిలోనే చేర్చిన పార్శిళ్లు 10 వేల కోట్లు దాటాయి.

కొండ కొమ్ము, లోయ అడుగు: హిమాచల్‌లోని హిక్కిం తపాలా కార్యాలయం 14,567 అడుగుల ఎత్తులో ఉంది. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ లోయలోని సుపాయ్‌కి నేటికీ కంచర గాడిదల మీదే టపా చేరుతుంది.

హైదరాబాద్ ఘనత: 2019లో ఇక్కడ ప్రారంభమైన అమెజాన్ ప్రాంగణం 9.5 ఎకరాల్లో, 15 వేల మందికి పైగా పనిచేసే వీలుతో ఉంది. ప్రారంభించేనాటికి ఆ సంస్థ సొంత భవనాల్లో ప్రపంచంలోనే అతి పెద్దది ఇదే.

వి.పి.పి. వారసత్వం: వస్తువు అందాకే డబ్బు అన్న పద్ధతి మనకు కొత్త కాదు. మన తపాలా శాఖ 1877లోనే వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్ట్) తెచ్చింది. పత్రికల్లో ప్రకటన చూసి రాస్తే, పోస్ట్‌మ్యాన్ పుస్తకమో మందు సీసానో తెచ్చి డబ్బు తీసుకెళ్లేవాడు. 2010లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టిన క్యాష్ ఆన్ డెలివరీ ఆ బాటలోదే.

తొలి చట్టం: యాప్‌ల ద్వారా పనిచేసే డెలివరీ కార్మికుల వంటి వారి కోసం దేశంలో మొట్టమొదట 2023లో రాజస్థాన్ చట్టం చేసింది. సంక్షేమ బోర్డు, ప్రతి లావాదేవీపై కొంత రుసుముతో నిధి అందులో ముఖ్యమైనవి. ఎండనక వాననక మెట్లెక్కే వారి రెక్కల కష్టం లేనిదే ఏ ఆర్డరూ గడప చేరదు. ఆ కష్టానికి ప్రతి రాష్ట్రంలోనూ చట్టం అండగా నిలవాలి.