బస్తర్‌లో వైద్య విద్య: గిరిజన విద్యార్థికి చేయూత

దట్టమైన సాలవనాలతో, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహక భూములతో విస్తరించిన బస్తర్ ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉండేది. ఆనాడు దాని వైశాల్యం కేరళ రాష్ట్ర వైశాల్యం కన్నా కొంచెం ఎక్కువ. 1998లో మొదలైన విభజన 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించిన తరువాత కూడ కొనసాగింది. నేడు ఆ ప్రాంతంలో ఏడు జిల్లాలున్నవి. గోండులు, మురియలు, మాడియలు, హల్బాలు, ధుర్వాలు, దోర్లలు ఇక్కడి ముఖ్యమైన గిరిజన తెగలు. కాకతీయ సామ్రాజ్య పతనానంతరం ఆ వంశీయుడైన అన్నమదేవుడు ఓరుగల్లు నుండి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని చరిత్ర చెబుతున్నది. దక్షిణాన కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. జబ్బు ముదిరిన రోగిని భద్రాచలానికో వరంగల్లుకో తీసుకొని పోవడం ఆ సరిహద్దు గ్రామాలకు అలవాటు.

రోగి అంత దూరం పోవలసి రావడానికి కారణం ఆసుపత్రి భవనం లేకపోవడం మాత్రమే కాదు. భవనమున్నచోట కూడ వైద్యుడు నిలవకపోవడం పెద్ద సమస్య. మైదాన ప్రాంతం నుండి వచ్చిన డాక్టరు బదిలీ కోసం ఎదురు చూస్తాడు. స్థానికుడైన వాడు స్వగ్రామానికి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కాని స్థానికుడు డాక్టరు కావడమెట్లు? ఈ ప్రశ్నకు సమాధానంగా రూపొందినవే ఉపకార వేతనాలు, వసతి గృహాలు, శిక్షణ సదుపాయాలు.

మూడు భాషలు దాటి

బస్తర్ గిరిజన బాలుడు ఇంటిలో గోండీ, హల్బీ లేక దోర్లీ మాట్లాడతాడు. పాఠశాలలో హిందీ నేర్చుకుంటాడు. వైద్య కళాశాలలో అతనికి ఎదురయ్యేది ఇంగ్లీషు. ఒక్కొక్క మెట్టు దగ్గర కొందరు ఆగిపోతూ ఉంటారు. ఈ లోపాన్ని తగ్గించే ఉద్దేశంతో రాష్ట్ర ప్రభుత్వం 2010లో ‘ప్రయాస్’ అనే ఆశ్రమ విద్యాలయాలకు శ్రీకారం చుట్టింది. హింసాపీడిత ప్రాంతాల బాలబాలికలకు ఇక్కడ భోజన వసతులతోపాటు వైద్య, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలకు తగిన శిక్షణ లభిస్తున్నది. దంతేవాడ జిల్లాలో ‘ఛూ లో ఆస్మాన్’ పేరిట ఇటువంటి శిక్షణ ఏర్పాటు జరిగింది.

రాయపూర్‌లో 1963లో, బిలాస్‌పూర్‌లో 2001లో వైద్య కళాశాలలు వెలసినవి. జగదల్‌పూర్ నుండి రాయపూర్ సుమారు 300 కిలోమీటర్ల దూరం. 2006లో జగదల్‌పూర్‌లోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభం కావడంతో బస్తర్ విద్యార్థికి వైద్య విద్య కొంత చేరువైనది. తరువాతి కాలంలో కాంకేర్‌లో మరొక ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది.

ఉపకార వేతనం: అందేది, అందనిది

మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం మన దేశంలో స్వాతంత్ర్యానికి పూర్వమే, 1944-45లో షెడ్యూల్డు కులాల విద్యార్థుల కోసం మొదలైనది. 1948-49 నుండి షెడ్యూల్డు తెగలకు కూడ వర్తింపజేశారు. తెగల విద్యార్థుల విషయంలో తలిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలకు మించరాదన్న నిబంధన ఉన్నది. తిరిగి చెల్లించని తప్పనిసరి రుసుములను ప్రభుత్వమే భరిస్తుంది. ఇదిగాక నిర్వహణ భత్యం ఇస్తారు. 2010లో సవరించిన రేట్ల ప్రకారం వైద్య పట్టభద్ర, స్నాతకోత్తర కోర్సులు మొదటి వర్గంలో చేరినవి. ఈ వర్గంలో వసతి గృహ విద్యార్థికి నెలకు 1,200 రూపాయలు, ఇంటి నుండి వచ్చేవారికి 550 రూపాయలు నిర్ణయించారు. నర్సింగు, ఫార్మసీ వంటి కోర్సులు రెండవ వర్గంలోనివి. వాటికి భత్యం కొంత తక్కువ.

ఖరీదైన వైద్య గ్రంథాలను సెట్లుగా కొని విద్యార్థులకు వాడుకకు ఇచ్చే బుక్ బ్యాంకు ఏర్పాటు కూడ ఉన్నది. పట్టభద్ర కోర్సులలో ఇద్దరికొక సెట్టు, స్నాతకోత్తర కోర్సులలో ఒక్కొక్కరికి ఒక సెట్టు అన్నది దాని సూత్రం. అడవి గ్రామం నుండి వచ్చిన విద్యార్థికి ఈ గ్రంథాలు భత్యం కన్నా విలువైనవని చెప్పవచ్చు.

అయితే పథకం కాగితంపై ఉన్నంత మాత్రాన సహాయం చేతికి అందదు. మొదటి అడ్డంకి ధ్రువపత్రం. కుటుంబం 1950కి పూర్వం నుండి రాష్ట్ర ప్రాంతంలో నివసిస్తున్నదని నిరూపిస్తే తప్ప తెగ ధ్రువపత్రం లభించదు. పట్టా గాని, పాఠశాల రికార్డు గాని లేని కుటుంబాలు బస్తర్‌లో అనేకం. అట్టివారి విషయంలో గ్రామసభ తీర్మానాన్ని ఆధారంగా స్వీకరించే వీలు కల్పించడం మెచ్చదగిన సంస్కరణ. రెండవ అడ్డంకి కాలయాపన. ప్రవేశ సమయంలో సొమ్ము కట్టవలసి ఉండగా, ఉపకార వేతనం నెలల తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈ మధ్యకాలం గడిచేందుకు కుటుంబం ఎడ్లను అమ్మవలసి వస్తే, ఆ సహాయం సగమే అయినట్లు. మూడవది, పెరిగిన ధరలతో పోల్చి చూచినపుడు భత్యం స్వల్పమన్న వాస్తవం.

పట్టభద్రత తరువాత

ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసిన వైద్యుడు ప్రసూతి, శిశు, మత్తుమందు, శస్త్ర వైద్యాలలో నిపుణుడు కావాలంటే స్నాతకోత్తర విద్య అవసరం. బస్తర్‌కు కొరతగా ఉన్నదీ ఈ నిపుణులే. స్నాతకోత్తర విద్యార్థి రెసిడెంటు డాక్టరుగా ఆసుపత్రిలో రాత్రింబవళ్ళు పనిచేస్తాడు గనుక అతనికి నెలనెలా స్టైపెండు చెల్లిస్తారు. ఇంటికి పంపవలసిన డబ్బు, చెల్లెలి చదువు, పాత అప్పు, అన్నీ ఆ స్టైపెండు మీదనే ఆధారపడి ఉండవచ్చు.

దీనికి తోడుగా కేంద్ర ప్రభుత్వ పథకాలు కొన్ని ఉన్నవి. ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చదివే తెగల విద్యార్థులకు పూర్తి రుసుము భరించే పథకం 2007-08లో మొదలైనది. పరిశోధన చేయదలచిన వారికి జాతీయ ఫెలోషిప్ ఏటా 750 మందికి లభిస్తున్నది. విదేశ విద్యకు ఏటా 20 మందిని ఎంపిక చేస్తారు. ఆ ఇరవైలో మూడు స్థానాలు అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలకు కేటాయించినవి. బస్తర్‌లోని అబూజ్‌మాడియలు అట్టి తెగలలో ఒకరు. విద్యా ఋణం తీసుకున్న పేద విద్యార్థుల తరఫున చదువు కాలపు వడ్డీని ప్రభుత్వం భరించే ఏర్పాటు 2009-10 నుండి అమలులోకి వచ్చింది. కాని ఒక విద్యార్థి ఈ వడ్డీ రాయితీని పట్టభద్ర కోర్సులోనో స్నాతకోత్తర కోర్సులోనో ఒక్కసారి మాత్రమే పొందగలడు.

సేవకు ప్రతిఫలం

దుర్గమ ప్రాంతాలలో పనిచేసిన వైద్యుని సేవను స్నాతకోత్తర ప్రవేశంలో పరిగణించాలన్నది ముఖ్యమైన ఆలోచన. భారత వైద్య మండలి నిబంధనలు అట్టి సేవకు సంవత్సరానికి పది శాతం చొప్పున, గరిష్ఠంగా ముప్పది శాతం వరకు అదనపు మార్కులకు అవకాశమిచ్చినవి. 2016లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించింది. ప్రభుత్వ సేవలో ఉన్న వైద్యులకు రాష్ట్రాలు స్నాతకోత్తర సీట్లను ప్రత్యేకించవచ్చునని 2020లో మరొక తీర్పు స్పష్టం చేసింది. ఛత్తీస్‌గఢ్ గ్రామీణ వైద్య దళం ఈ ఆలోచనకు ఆచరణ రూపం. ఆరోగ్య కేంద్రాలను కష్టసాధ్యత ననుసరించి వర్గీకరించి, మారుమూల కేంద్రంలో పనిచేసేవారికి అధిక ప్రోత్సాహకం చెల్లించడం దాని పద్ధతి.

నిచ్చెన లేని చదువు

ఈ రాష్ట్రమే నేర్పిన పాఠం ఒకటి ఇక్కడ స్మరించదగినది. గ్రామాలకు వైద్యులను త్వరగా సమకూర్చే నిమిత్తం ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ళ వైద్య కోర్సును ప్రవేశపెట్టింది. వైద్య వృత్తి సంఘాల వ్యతిరేకత వలన, న్యాయ వివాదాల వలన అది కొద్ది సంవత్సరాలలోనే నిలిచిపోయింది. ఉత్తీర్ణులైన వారిని ప్రభుత్వం గ్రామీణ వైద్య సహాయకులుగా నియమించింది. ప్రాథమిక చికిత్సలో వారి నైపుణ్యం ఎం.బి.బి.ఎస్. వైద్యులకు తీసిపోదని 2010 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కాని పై చదువుకు వారికి దారి లేకపోయింది. విద్యార్థికి సహాయమంటే నేటి రుసుము కట్టడం మాత్రమే కాదు, రేపటి మెట్టును చూపడం కూడ అని ఈ అనుభవం తెలుపుతున్నది.

ధనం ఒక్కటే చాలదు

కళాశాలకు చేరిన గిరిజన విద్యార్థి తొలి సంవత్సరంలో ఒంటరితనానికి లోనవుతాడు. భాష, ఉచ్చారణ, దుస్తులు, ఆహారం, అన్నీ అతనిని వేరుగా చూపుతవి. పరీక్ష తప్పితే తాను ఈ చదువుకు తగనన్న భావం మనస్సులో నాటుకొంటుంది. అట్టి తరుణంలో పై తరగతి విద్యార్థి తోడు, అధ్యాపకుని మార్గదర్శనం, ఇంగ్లీషులో అదనపు బోధన ఎంతైనా అవసరం. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యబృందం 2024లో నివేదిక సమర్పించింది. 2022 అక్టోబరులో ఆరంభమైన ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరుపై ఉచితంగా లభిస్తున్నది.

వేరుగా కనిపించిన ఆ భాషయే రోగి మంచం దగ్గర వైద్యునికి ఆయుధమవుతుంది. మలేరియా జ్వరంతో, సికిల్ సెల్ నొప్పితో వచ్చిన తల్లి తన బాధను గోండీలో చెప్పుకోగలిగినపుడే వైద్యునికి రోగ చరిత్ర సరిగా తెలుస్తుంది. దుబాసీ నోట అందులో సగం జారిపోతుంది.

దేశంలోని ప్రభుత్వ వైద్య కళాశాలల స్నాతకోత్తర సీట్లలో సగం అఖిల భారత కోటాకు చెందినవి. కనుక తెలుగు యువకుడు జగదల్‌పూర్‌లోను, బస్తర్ యువతి వరంగల్లులోను చదివే అవకాశమున్నది. శబరికి ఇరువైపుల ఉన్న ప్రజలకు రోగమూ ఒక్కటే, చికిత్సా ఒక్కటే. సకాలంలో అందిన ఉపకార వేతనం ఒక్క విద్యార్థిని గట్టెక్కించడంతో ఆగదు. ఆ విద్యార్థి తిరిగి వచ్చిన ఊరిలో, రాత్రివేళ నొప్పులు మొదలైన గర్భిణి మంచంపై మోయబడి ఏరు దాటవలసిన అవసరాన్ని కూడ తప్పిస్తుంది.